మూడు పొంగుల నీళ్ళు

బిడ్డకు ఇరవై ఆరో రోజు

మా కొళాయి మీద వెలుగుతున్న పచ్చదీపం అబద్ధం. ఆ అబద్ధం చెప్పిస్తున్నది పంపుగది దస్తగిరి. పేరు పెట్టే రాస్తున్నాను. పేరు పెట్టకుండా తప్పు గురించి రాయడం గాలిని తిట్టడంలాంటిది. గాలికేం, పోతూనే ఉంటుంది.

ఈ నోటుపుస్తకం అసలు దీనికోసం మొదలుపెట్టలేదు. మా అక్క మారెక్కకు కాన్పు జ్వరం వచ్చి రెండో వారంలోనే పాలు ఇంకిపోయాయి. బావ ఎండపలకల బాట మీద రెండో మజిలీలో పలకలు అతికే పనిలో ఉన్నాడు, ఇంకా రెండు నెలలకు గానీ రాడు. బిడ్డకు పాలపొడే గతి. ఎన్నిసార్లు తాగింది, ఎన్నిసార్లు తడిపింది రాసిపెట్టమని ఐదో మజిలీ డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఇన్నాళ్ళూ బుద్ధిగా అదే రాశాను. ఈ రోజు నుంచి మిగతాదీ రాస్తాను. ఎందుకంటే పొద్దున బాట తుడుపు నుంచి వచ్చి చూసేసరికి బిడ్డ పెదవుల చుట్టూ నేరేడుపండు తిన్నట్టు ఒక నీడ. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు.

అవ్వ దగ్గరికి తెచ్చుకొని చూసి, చలికి అట్ల అయిందేమో అంది. మా ఎనిమిదో మజిలీలో చలి అనే మాట నేను కరపత్రాల్లోనే చదివాను.

దీపాలు పెట్టినప్పుడు మాకు నేర్పింది ఇంతే. పచ్చ అయితే తాగు, పసుపు అయితే కడుక్కో, ఎరుపు అయితే కట్టెయ్. నలభై రెండు ఇళ్ళకు ఒకే బోరు, వెయ్యి అడుగుల లోతు. దాని పక్కన పంపుగది, గదిలో నీళ్ళను పరీక్ష చేసే పెట్టె, పెట్టెకు కావలి దస్తగిరి. ఆయన ఏం మీట నొక్కుతాడో చూసినవాళ్ళు లేరు. ఆయనకు నామీద కోపం ఉంది. నిరుడు మజిలీ మరుగుదొడ్ల మట్టిని బండ్లకెత్తి పైకి పంపొద్దు, ఇక్కడే ఎరువు చేసి మన కూరమడులకే వేసుకుందామని ‘మన మట్టి మనకే’ అని నేను రాసిన కరపత్రానికి ఆయనొక్కడే అడ్డం లేచాడు. పంపుగది వెనక నీడ ఉందని గుంతలు అక్కడే తవ్వుతామంటే, బోరుకు దగ్గర అవుతుందన్నాడు. తుప్పుపట్టిన నట్టు తిరగదు, తిరగనివ్వదు అని అందరిముందూ అన్నాను. నవ్వారు. చేతులెత్తితే నేనే గెలిచాను. ఆ పగ ఇప్పుడు పసిబిడ్డ మీద తీరుతోంది.

సాయంత్రం నీళ్ళు కాచాను. బిడ్డకూ బాలింతకూ మా మజిలీలో మూడు పొంగుల నీళ్ళే పోస్తారు. ఎండపొయ్యి మీద బిందె పెట్టాలి. ఒక పొంగు రానిచ్చి దించి, తేర్చి, మళ్ళీ పెట్టాలి. ఇంకో పొంగు, ఇంకో తేర్పు, మళ్ళీ పొయ్యి. మూడో పొంగుకు బిందెడు నీళ్ళు మూడో వంతుకు దిగుతాయి. అవ్వకు చేతులు వణుకుతాయి గనక కాచేది నేను, కూర్చుని చెప్పేది ఆమె. దస్తగిరి దీపాన్ని నమ్మను కాబట్టి ఈ రోజు నాలుగో పొంగు కూడా రానిచ్చాను. అవ్వ నన్నూ పొయ్యినీ మార్చి మార్చి చూసి, "నీ కోపం మీద ఎసురు పెడితే ఎండ కూడా అక్కర్లేదే ఓబులీ" అంది.

ఇరవై ఏడో రోజు

బిడ్డ ఆరుసార్లు తాగాల్సింది నాలుగుసార్లే తాగింది. ఏడుపు తగ్గింది. పక్కింటివాళ్ళు మంచి బిడ్డ, అల్లరి లేదు అన్నారు. నాకు నచ్చలేదు. నిన్నటిదాకా నా చెవి పగిలేలా ఏడ్చిన మనిషి ఇది.

తుడుపు అయ్యాక పంపుగదికి పోయాను. మా బాట అంతా ఎండను కరెంటు చేసే పలకలే. వాటిమీద పడిన దుమ్ము తెల్లవారకముందే తుడవాలి. లేదంటే బండ్లు కదలవు, పంపు తిరగదు, పగలు గదులు చల్లబడవు. ఏడు దాటితే పలక చెయ్యి కాలుస్తుంది. నా తుడుపుకర్ర ఇంకా చేతిలోనే ఉంది. దస్తగిరి దాన్ని చూసి, కొట్టడానికి వచ్చావా, కడగడానికి వచ్చావా అని అడిగాడు.

బిడ్డ రంగు మారిందని చెప్పాను. ఆయన ముఖం మారింది. అది భయమని నేను అప్పుడే గుర్తుపట్టాను, తప్పు చేసినవాడి భయం. దీపం పచ్చగా ఎందుకుందని గట్టిగా అడిగితే, పెట్టె పచ్చ అంటే పచ్చేనని, అంకె మాత్రం నాలుగు నెలలుగా ఎక్కుతోందని ఏదో మొదలుపెట్టాడు.

"లోపలికి రా పాపా, గోడ చూపిస్తా" అన్నాడు.

నీ గోడలు నాకెందుకు, నాకు నీళ్ళు కావాలి అని చెప్పి వచ్చేశాను. వచ్చి అయిదు పొంగులు కాచాను. బిందెడు కాస్తా రెండు చెంబులకు వచ్చింది. అక్క మంచం మీద నుంచే చెయ్యి చాపి నా చెమట తుడిచింది. "నీకు పుట్టినా ఇంత చెయ్యవు మే" అంది. అక్కకు నేను తప్ప ఎవరున్నారు, అమ్మ పోయి ఆరేళ్ళు.

ఇరవై ఎనిమిదో రోజు

బిడ్డ గోళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. మూడుసార్లే తాగింది.

నేను చదువుకున్నది కరపత్రాలే. యంత్రాల విడిభాగాల చుట్టూ చుట్టుకుని వచ్చేవి, బండివాళ్ళు పారేసినవి, సగం చిరిగినవి. నలభై మూడు దాచాను. అన్నింట్లోనూ నాకు అర్థమైన నీతి ఒకటే, అన్యాయాన్ని గోడమీదికి ఎక్కించాలి. ఎక్కించాను. కొళాయి స్తంభానికి పెద్ద అక్షరాలతో అంటించాను: ‘పచ్చదీపం అబద్ధం. చేసినవాడు దస్తగిరి. తాగేవాళ్ళు మనం.’

కొళాయి తొట్టి దగ్గర జనం చదివారు. కొందరు దీపం వంక చూశారు, కొందరు నా వంక. ఒకామె, మరి ఈ బిందె నింపుకోవాలా వద్దా అది రాయలేదేం అంది. నిజమే, అది రాయలేదు. అందరూ నింపుకునే పోయారు. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి?

దస్తగిరి వచ్చి నోటీసు ముందు నిలబడి చదివాడు. చింపుతాడని కాచుక్కూర్చున్నాను. ఒక మూల గాలికి లేస్తుంటే బొటనవేలితో నొక్కి సరిగ్గా అంటించి, పంపుగదికి పోయాడు. నాకు ఇంకా మండింది.

డాక్టరమ్మకు ఫోను చేద్దామంటే పడమట నుంచి ఎర్రదుమ్ము లేచింది. మధ్యాహ్నానికి స్తంభం మీది ఫోను మూగబోయింది. బాట మొత్తం మట్టికప్పు అయిపోయింది.

ఇరవై తొమ్మిదో రోజు

ఈ రోజు జరిగింది నెమ్మదిగా రాయాలి. 

దుమ్ము ఇంకా తగ్గలేదు. బిడ్డను నా రొమ్ముకు కట్టుకుని గదిలో తిరుగుతున్నాను. నా మెడకు దాని ఊపిరి వేడి తగులుతోంది గానీ బరువు మారినట్టుంది, నిద్రపోయే బిడ్డ బరువు కాదు. పెదవులు, చెవులు, అరికాళ్ళు అన్నీ ఒకే రంగు. పాలసీసా నోట్లో పెడితే పట్టుకోలేదు. అక్క అరవలేదు, ఏడవలేదు. బిడ్డ పాదాన్ని తన చెంపకు ఆనించుకుని ఊరికే కూర్చుంది. అది చూసి నాకు పిచ్చెక్కింది. బిడ్డను అక్క ఒళ్ళో పెట్టి, కాచిన నీళ్ళ చెంబు చంకలో పెట్టుకుని పంపుగదికి పరుగెత్తాను.

దస్తగిరి తలుపు తీశాడు. ఇవి అయిదు పొంగులు కాచిన నీళ్ళు, ఇంత కాచినా చావని విషం నీ బోరులో ఏముందో ఇప్పుడే తేల్చు, నా కళ్ళముందు తేల్చు అని చెంబు ఆయన ముందు పెట్టాను. మీట నొక్కితే చెయ్యి విరుస్తానని కూడా అన్నాను. రాయకుండా ఉండలేను, అన్నాను.

ఆయన పెట్టెకు బ్యాటరీ తగిలించి, చెంబులోంచి ఒక గరిటెడు గొట్టంలో పోశాడు. పెట్టె కాసేపు ఊపిరి తీసుకున్నట్టు శబ్దం చేసింది. గదిలో ఎర్రదీపం వెలిగింది. నా పంతొమ్మిదేళ్ళలో ఎర్రదీపం చూడడం అదే మొదలు. కింద అంకె: 203.

చూశావా అన్నాను. ఇప్పుడేమంటావు అన్నాను.

ఆయన ఇంకో గరిటె తీసుకుని కొళాయి తిప్పి పట్టి అది పోశాడు. పచ్చ. అంకె: 41.

"పాపా, నలభై అయిదు దాటితే పసుపు. మన బోరు నలభై ఒకటి" అన్నాడు. "ఇది బోరు నీళ్ళు కాదు. నువ్వు కాచిన నీళ్ళు."

నాకు అర్థం కాలేదు. ఆయన నా ముఖం చూసి స్టూలు జరిపి కూర్చోబెట్టాడు. ఎన్ని గ్లాసులు పోస్తే ఎన్ని మిగిలాయని అడిగాడు. అయిదుకు ఒకటి అన్నాను. అప్పుడు, చిన్నపిల్లకు చెప్పినట్టు కాదు, తోటి పనివాడికి చెప్పినట్టు చెప్పాడు.

"చారు మరగబెట్టేకొద్దీ ఉప్పెక్కుతుందా లేదా? ఆవిరై పోయింది నీళ్ళు. ఉప్పు యాడికీ పోలేదు. ఈ నీళ్ళలో ఉండేది నైట్రేట్ అని ఒక ఉప్పు. పురుగైతే కాస్తే చచ్చేది. ఇది పురుగు కాదు తల్లీ."

పెట్టె తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించి ఉంది. పెట్టెతోపాటు వచ్చిన కరపత్రం. నలభై నాలుగోది, నేను చదవనిది. అక్కడే నిలబడి చదివాను. మూడు నెలలలోపు పసిబిడ్డలకు ఈ ఉప్పు రక్తంలో గాలి మోయనివ్వదని, ఒళ్ళు నీలంగా మారుతుందని, కాచితే తగ్గదు, పెరుగుతుందని ఉంది. ‘కాచితే పెరుగుతుంది’ కింద ఎవరో సుద్దముక్కతో గీత గీశారు.

అప్పుడు గోడ చూశాను. ఆయన నిన్న కాదు మొన్న చూపిస్తానన్న గోడ. రోజుకొక అంకె, సుద్దతో, వరసలు వరసలు. 17, 17, 18. ఏడాది అంతా అంతే. తర్వాత 22. తర్వాత 30. 38. 41. ఎక్కడ ఎక్కడం మొదలైందో అక్కడ తేదీ చూశాను. గుంతలు తవ్విన తర్వాతి వానాకాలం అది. నా గుంతలు. వానకు ఆ మట్టిలోని ఉప్పే బోరులోకి దిగింది.

"రాసిపెట్టినాక ఎవురన్నా వచ్చి చదువుతారనుకుంటి" అన్నాడు దస్తగిరి. "పిలిచి చెప్పాల్సింది. నువ్వు నట్టు అన్నాక నాకూ పంతం వచ్చె. తప్పు నాది కూడా ఉంది పాపా. అది తర్వాత. ముందు బిడ్డ."

బ్యాటరీలో పోసుకునేందుకు పోయిన వానాకాలం పట్టి పెట్టుకున్న వాననీళ్ళు గాజుసీసాల్లో ఉన్నాయి. పెట్టెలో పోస్తే అంకె 2. అవన్నీ నా చేతికి ఇచ్చాడు. ఒక్క పొంగు చాలు, పొంగు రాగానే దించెయ్ అన్నాడు. పలకల కింద పోయే తీగమీద డాక్టరమ్మను పట్టుకున్నది కూడా ఆయనే. ఆమె రెండే ప్రశ్నలు అడిగి, నాకు మందుంది, కానీ బండి కదలాలంటే మీ బాట బతకాలి అంది.

ముప్పయ్యో రోజు

బాట మీద మూడు వేళ్ళ మందం మట్టి. దుమ్ము తెల్లవారి గానీ ఆగలేదు. మామూలుగా అయితే రెండు మూడు పొద్దుల పని. ఏడు దాటాక ఎవరూ బాట మీద ఉండరు.

తెల్లవారేసరికే మారెక్క బిడ్డ సంగతి ఇంటింటికీ పాకింది. నేను ఎవరినీ అడగలేదు. అడిగే ముఖం లేదు. తుడుపుకర్ర తీసుకుని పోయేసరికి అవతలి వైపు నుంచి దస్తగిరి మామ తుడుస్తున్నాడు. (ఈ పుస్తకంలో మామ అని ఇక్కడే మొదలు.) పంపుగది వదిలి ఆయన బాట మీదికి రావడం నేను ఎన్నడూ చూడలేదు. తర్వాత మిగతా ఇళ్ళవాళ్ళు వచ్చారు. ఏడైంది, ఎనిమిదైంది. తడిగోనెలు కాళ్ళకు చుట్టుకున్నారు. నోటీసు చదివి బిందె నింపుకోవాలా అని అడిగిన ఆమె నా పక్క పలక మీదే ఉంది. "ఇదన్నా రాస్తావా మే, మేమూ ఉన్నామని?" అంది. రాస్తున్నాను.

ఏడో మజిలీ, ఆరో మజిలీ వాళ్ళు కూడా వాళ్ళ ముక్కలు తుడిచారని తీగమీద తెలిసింది. పదకొండుకు బండి వచ్చింది.

డాక్టరమ్మ బిడ్డ మడమ మీద సూది గుచ్చి, వచ్చిన చుక్కను తెల్లగుడ్డ మీద పెట్టి చూపించింది. డికాషన్ రంగు. పక్కన నా వేలిది పెడితే ఎర్రగా ఉంది. రెండూ ఒకే ఇంటి రక్తం. తర్వాత ముదురు నీలంరంగు మందు, చాలా కొంచెం, చాలా మెల్లగా ఎక్కించింది. అవ్వ గోడకానుకుని, నీలిపోయిన బిడ్డకు నీలిమందా అని గొణిగింది.

అరగంట పట్టింది. నేను గడియారం చూడలేదు, పెదవినే చూశాను. మొదట కింది పెదవి మధ్యలో చిన్న చుక్కంత మేర గులాబీ తిరిగింది. తర్వాత చెవి. తర్వాత బిడ్డ కళ్ళు తెరిచి, మమ్మల్నందరినీ చూసి, చెవులు పగిలేలా ఏడ్చింది. నా జన్మలో అంత మంచి తిట్టు తినలేదు. అక్క అప్పుడు ఏడ్చింది.

ముప్పై ఒకటో రోజు

ఏడుసార్లు తాగింది. ఏడుసార్లూ వాననీళ్ళే. గోళ్ళు నా గోళ్ళలాగే ఉన్నాయి.

అవ్వకు చెప్పొద్దని అక్క అంది. అవ్వ మొదటి బిడ్డలిద్దరూ విరేచనాల ఏడాది పోయారు. అప్పుడు చెరువు నీళ్ళు పురుగులు పట్టి, మజిలీలో పదహారు మంది పసివాళ్ళు పోయారంట. మూడో బిడ్డకు ఎవరో చెబితే మూడు పొంగులు కాచి పోసింది. ఆ బిడ్డ బతికింది. ఆ బిడ్డే మా అమ్మ. మూడు పొంగుల నీళ్ళంటే అవ్వకు నీళ్ళు కావు.

నేను కూడా చెప్పకూడదనే అనుకున్నాను. కానీ సాయంత్రం వాననీళ్ళు ఒక్క పొంగుకే దించేస్తుంటే అవ్వ చూసింది.

"నీళ్ళలోనే కదా?" అంది.

నేను పొయ్యి వైపు తిరిగి మూత కోసం వెతికాను.

"నేను చెప్పిన పొంగుల్లోనే కదా?"

కాదు అవ్వా, నాలుగూ అయిదూ నేను కలిపినవి, గుంతలు నేను తవ్వించినవి అని అన్నీ ఒకేసారి కక్కేశాను. ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళొచ్చినాక ఒళ్ళు సరిపోవడం లేదు, అయినా పెట్టుకున్నాను. ఆమె చేతులు వణుకుతూనే నా జుట్టు చిక్కులు తీశాయి. చిక్కులు తీస్తూనే అంది:

"ఆ నీళ్ళకు ఆ పొంగులు సరిపోయినాయి. నీళ్ళు మారితే మారినాయని చెప్పాల కదే నాకు. నాకు గోడలు చదవను రాదు. దీపానికి నోరు లేదు. నోటితో చెప్పుంటే వినేదాన్ని."

ఇంకో మాట కూడా అంది: "దస్తగిరికి చెప్పినావా, తప్పయిందని?"

ముప్పై మూడో రోజు

చెప్పాను. నిన్నంతా మాటలు కూర్చుకున్నాను, కరపత్రం అంత పొడుగు వచ్చింది. ఆయన ముందు నిలబడేసరికి ‘మామా, తప్పయింది’ ఒక్కటే మిగిలింది. ఆయన సుద్దముక్క నా చేతిలో పెట్టి, ఈ రోజు అంకె నువ్వు రాయి అన్నాడు. 42 అని రాశాను. నట్టు కాస్త తిరిగింది కదా అన్నాడు. ఇద్దరం నవ్వాం. అంకె ఎక్కిందని గుర్తొచ్చి ఆగిపోయాం.

నలభయ్యో రోజు బిడ్డకు ఒక పుడిసెడు మన కొళాయి నీళ్ళు తాగించి పేరు పెట్టడం మన ఆచారం. ఈ నీళ్ళతో పెట్టం అని అక్క చెప్పేసింది. గోడమీద అంకె ఇరవైకి దిగిన రోజు పెడుతుంది. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళూ పట్టొచ్చు అన్నాడు మామ. అందాకా దాన్ని బుడ్డి అనే పిలుస్తాం. అంకె దిగాలంటే గుంతల్లోని ఎరువంతా ఎత్తి పల్లానికి, బాట అవతలికి మార్చాలి. ఒక్క ఇంటి పని కాదు.

కొళాయి స్తంభం మీది పాత నోటీసు చింపలేదు. దస్తగిరి పేరు కొట్టేసి, పైన నా పేరు రాసి, కింద ఇది అంటించాను. పుస్తకంలోనూ ఎక్కిస్తున్నాను:

‘ఎనిమిదో మజిలీ వాళ్ళకు. పచ్చదీపం అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పింది. మిగతా సగం గోడమీద ఉంటే చదవనిది నేను. బోరు పక్కన గుంతలు తవ్వించింది నేను. బిడ్డ నీళ్ళు మరగబెట్టింది నేను. నా పేరు ఓబులమ్మ, నన్ను తిట్టాలనుకునేవాళ్ళు తిట్టొచ్చు, వింటాను. కానీ పసిబిడ్డలున్న ఇళ్ళు, కడుపుతో ఉన్న ఇళ్ళు ఈ నీళ్ళు వాడొద్దు, పొంగులు పెంచొద్దు. మూడు మజిలీల వాళ్ళు సీసాల్లో వాననీళ్ళు పంపుతున్నారు, పంపుగదిలో తీసుకోండి. రేపటి నుంచి దస్తగిరి మామ రోజూ అంకెను నోటితో చదువుతాడు. చదవను రానివాళ్ళు ముందు వరసలో కూర్చోండి, మా అవ్వ అక్కడే ఉంటుంది. అంకె విన్నాక గుంతల దగ్గరికి పోదాం. రేపు పొద్దున తుడుపు అయిన వెంటనే, సరిగ్గా ఆరు గంటలకు, కొళాయి దగ్గర. పారలు తెచ్చుకోండి.’